ఆట బాగుందని ఎలా తేల్చాలి?

విద్యార్థులారా! మా రామతీర్థంలో బోధికొండ ఎక్కి దిగివచ్చిన ఇద్దరిని ఆపి, "కొండ ఎలా ఉంది?" అని అడగండి. తెల్లవారుజామున చల్లని గాలిలో ఎక్కినవాడు "హాయిగా ఉంది" అంటాడు. మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా ఎక్కినవాడు "అరికాళ్ళు కాలిపోయాయి" అంటాడు. కొండ ఒక్కటే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాని ఎప్పుడు ఎక్కారో, ఎలా ఎక్కారో చెప్పకపోతే వారి మాటలు మూడవవానికి ఉపయోగపడవు.

ఈ మధ్య మా బడిలో ఇలాంటి తగవే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ తొమ్మిదవ తరగతి కుర్రవాళ్ళు ఇద్దరు చెట్టు క్రింద నిలబడి గట్టిగా వాదించుకుంటున్నారు. ఏమిటని అడిగితే ఫోనులో ఆడే బండ్ల పందెం ఆట గురించి అన్నారు.

"సూపర్ ఆటండి, సార్. నిజం రోడ్డు మీద వెళ్ళినట్టే ఉంటాది" అన్నాడు ఒకడు.

"ఏం లేదండి, ఒట్టి డొక్కు ఆట. బండి కదలనే కదలదు" అన్నాడు రెండవవాడు.

"ఒరే, ఇద్దరూ ఆడింది ఒకే ఆటేనా? ఏ ఫోనులో ఆడేరు? ఎంతసేపు ఆడేరు?" అని అడిగాను.

ఒకే ఆట. మొదటివాడు, విశాఖపట్నంలో పనిచేసే వాళ్ళ అన్నయ్య సంక్రాంతికి తెచ్చిన కొత్త ఫోనులో రెండు వారాలు ఆడాడు. రెండవవాడు, ఆరేళ్ళ నాటి వాళ్ళమ్మ ఫోనులో అరగంట ఆడి తీసివేశాడు. తగవు అప్పటికి తీరలేదు గాని, అది దేనిమీద వచ్చిందో ముగ్గురికీ తెలిసింది.

వీడియో ఆటల గురించి అభిప్రాయాలు ఇప్పుడు అన్ని దిక్కుల నుండి వచ్చి మీద పడుతున్నాయి. నక్షత్రాలు, మార్కులు, శాతాలు, వీడియోలలో కేకలు! వాటిని నమ్మి మీరు సమయాన్ని, ఒక్కొక్కప్పుడు డబ్బునూ ఖర్చు పెడుతున్నారు. కొన్నేళ్ళ క్రితం నా విద్యార్థి ఒకడు నాలుగు నక్షత్రాలకు పైగా ఉన్నదని చూచి, ఒక ఉచిత ఆటను వాళ్ళమ్మ ఫోనులోకి దింపుకొన్నాడు. ముప్పై రూపాయలు, యాభై రూపాయలు చొప్పున ఆటలోని పెట్టెలు కొంటూ, రెండు వారాలలో 1,800 రూపాయలు పోగొట్టాడు. అది ఎరువుల కోసం దాచిన డబ్బు. తరువాత వాడూ నేనూ కూర్చొని ఆ ఆట క్రింద జనం వ్రాసిన మాటలు చదివాము. "పదవ దశ దాటాక డబ్బు కట్టనిదే ముందుకు పోలేము" అని ఎందరో వ్రాసి ఉన్నారు. కావలసిన సమాచారం మొదటినుండీ అక్కడే ఉంది. దానిని ఎలా చదవాలో వానికి మేమెవరమూ నేర్పలేదు. అందుకే ఈ పాఠం.

మూడు రకాల మాటలు

ఒక ఆట గురించి చెప్పిన ఈ మూడు వాక్యాలను చూడండి.

1. "ఈ ఆట చెత్త."
2. "నాకు బండ్ల పందెాలు నచ్చవు."
3. "మూడవ దశలో ఇరవై బండ్లు ఒకేసారి వచ్చినప్పుడు తెర రెండు సెకన్లు ఆగిపోయింది."

మొదటిది తీర్పు. కారణం చెప్పలేదు గనుక దానిని ఒప్పుకోలేము, కాదనలేము. రెండవది అభిరుచి. ఒకనికి కాకరకాయ ఇష్టం, ఒకనికి కాదు. అందులో తప్పొప్పులు లేవు. మూడవది పరిశీలన. మీరు కూడా అదే ఆటను, అలాంటి ఫోనులో, అదే దశ వరకు ఆడి చూచి, నిజమో కాదో తేల్చవచ్చు. ఇలా మరొకరు పరీక్షించడానికి వీలైన మాటనే విజ్ఞానశాస్త్రం లెక్కలోకి తీసుకుంటుంది.

మంచి విమర్శలో మూడూ ఉంటాయి. అయితే ఏది ఏదో విడివిడిగా తెలుస్తుంది. "నేను ఇది చూశాను, నా అభిరుచి ఇది, కనుక నా తీర్పు ఇది" అన్న వరుసలో మంచి విమర్శకుడు వ్రాస్తాడు. ప్రయోగం చేశాక మీరు రికార్డు పుస్తకంలో వ్రాసే పరిశీలన, నిర్ధారణ కూడా ఇలాంటివే కదా!

ఏ ఆటకు ఏ త్రాసు?

బంగారం తూచే త్రాసులో వంటచెరకు తూచలేము. ఆటలూ అంతే. ఏ జాతి ఆటో తెలుసుకోకుండా దాని మంచిచెడ్డలు చెప్పకూడదు.

మన ఇళ్ళలోని ఆటలనే తీసుకోండి. వైకుంఠపాళిలో అంతా పాచికదే. ఆడేవాడు ఆలోచించి చేసేది ఏమీ లేదు. మీరు వేసినా, మూడేళ్ళ మీ చెల్లెలు వేసినా గెలిచే అవకాశం సమానమే. పులిమేకలో పాచికే లేదు, అంతా ఆలోచన. అష్టాచెమ్మాలో గవ్వలు ఎన్ని పడతాయో మన చేతిలో లేదు, పడిన పందెంతో ఏ కాయ నడపాలో మన చేతిలోనే ఉంది. అంటే అదృష్టం, ఆలోచన కలిసిన ఆట అన్నమాట. "వైకుంఠపాళిలో తెలివికి చోటు లేదు" అని నిందిస్తే, "అది ఆ జాతి ఆట కాదు నాయనా" అనవలసి వస్తుంది.

వీడియో ఆటలలోనూ ఇలాంటి జాతులే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన "బ్లూ ప్రిన్స్" అనే ఆట ఒక పెద్ద భవంతిలో జరుగుతుంది. తలుపు తెరవబోయే ప్రతిసారీ మూడు గదుల నమూనాలు చూపుతారు. అందులో ఒకటి ఎంచుకుంటే ఆ గది అక్కడ ఏర్పడుతుంది. రోజు మారితే భవంతి అంతా మళ్ళీ మొదటికి వస్తుంది. ఇలా వెదుకుతూ 46వ గదిని చేరుకోవాలి. విమర్శకులు దీనిని ఎంతో మెచ్చుకొన్నారు. "సమాధానం తెలిసినా, కావలసిన గది అదృష్టం కొద్దీ రావాలి" అని విసుక్కున్నవారూ ఉన్నారు. రెండు మాటలూ నిజమే. ఇది అష్టాచెమ్మా జాతి ఆట. పులిమేక ఆశించి వచ్చినవాడు విసుక్కుంటాడు.

స్వీడన్‌లో తయారై 2025 మార్చిలో వచ్చిన "స్ప్లిట్ ఫిక్షన్"ను ఇద్దరు కలిసే ఆడాలి. ఒక్కడే కూర్చొని "ఆడలేకపోయాను" అని మార్కులు తగ్గిస్తే, ఒక్కడే ఉయ్యాలబల్ల ఎక్కి అది ఊగలేదని ఫిర్యాదు చేసినట్లే. ఫ్రాన్సులో తయారై 2025 ఏప్రిల్‌లో వచ్చి, ఆ డిసెంబరులో ఆ ఏటి ఉత్తమ క్రీడగా బహుమతి పొందిన "క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33" కథకు, సంగీతానికి పేరుపడింది. అది పెద్దల కోసం తయారైన ఆట. దానిని కథ పట్టునుబట్టీ, పాత్రలనుబట్టీ తూచాలి.

మన దేశపు ఆటను చూడండి. పుణే నగరంలో తయారై 2020లో వచ్చిన "రాజీ" అనే ఆటలో, ఎత్తుకుపోబడిన తమ్ముణ్ణి వెదుకుతూ ఒక అక్క బయలుదేరుతుంది. చిత్రకళ, సంగీతం, మన పురాణగాథల వాతావరణం బాగున్నాయని చాలామంది విమర్శకులు వ్రాశారు. పోరాటంలో పట్టు తక్కువగా ఉందని, ముగింపు హఠాత్తుగా వచ్చిందని కూడా వ్రాశారు. మన దేశపు ఆట గనుక తప్పులు చెప్పకూడదనీ, తప్పులున్నాయి గనుక మంచిని దాచాలనీ వారు అనుకోలేదు. విమర్శ ఇలా ఉండాలి.

ఇప్పుడు, ఏ అభిప్రాయాన్ని చదివినా మీరు వేయవలసిన నాలుగు ప్రశ్నలు చెబుతాను. ఒక్కొక్కదానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది.

మొదటి ప్రశ్న: ఏ యంత్రం మీద?

పోలండ్ దేశపు సంస్థ తయారుచేసిన "సైబర్‌పంక్ 2077" అనే పెద్దల ఆట 2020 డిసెంబరు 10న విడుదలైంది. విడుదలకు ముందే విమర్శకుల సమీక్షలు వచ్చాయి. వాటి సగటు నూటికి 90 ప్రాంతంలో ఉంది. జనం ఎగబడి కొన్నారు. తీరా చూస్తే, పాత ఆటల యంత్రాలు ఉన్నవారి ఇళ్ళలో బొమ్మలు చెదిరిపోవడం, ఆట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. కారణమేమిటి? ముందుగా సమీక్షలు వ్రాసినవారికి సంస్థ ఇచ్చినది కంప్యూటరు మీద ఆడే ప్రతి మాత్రమే. పాత యంత్రాల ప్రతిని ముందుగా చూపనందుకు సంస్థ క్షమాపణ చెప్పుకొంది. విడుదలైన ఎనిమిదవ రోజుకల్లా సోనీ సంస్థ ఆ ఆటను తన దుకాణం నుండి తొలగించి డబ్బు వాపసు ఇవ్వసాగింది. 2021 జూన్‌లో గాని అది తిరిగి దుకాణానికి రాలేదు.

ఇక్కడ విమర్శకులు చూడనిది చూసినట్లు వ్రాయలేదు. వారికి అందిన నమూనా ఒకవైపుకు ఒరిగి ఉంది, అంతే. బస్తాలో పై పొర బియ్యం మాత్రమే చూచి బస్తా అంతా బాగుందని చెప్పినట్లయింది.

యంత్రం మారితే ఆట ఎందుకు మారుతుంది? తెర మీద కదిలే బొమ్మ నిజానికి కదలదు. కొద్దికొద్ది తేడాలతో ఉన్న నిశ్చల చిత్రాలు వరుసగా మారుతాయి. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు. ఆటలలో సాధారణంగా 30 లేక 60. సెకనుకు 60 చిత్రాలైతే ఒక్కొక్క చిత్రం 0.017 సెకను నిలుస్తుంది. 30 అయితే 0.033 సెకను. పాత ఫోను తట్టుకోలేక 15 చిత్రాలే చూపితే 0.067 సెకను. ఎదురుగా వస్తున్న బండిని తప్పించే ఆటలో ఈ ఆలస్యం కంటికి, చేతికి తెలిసిపోతుంది. పైగా ఎక్కువసేపు ఆడితే ఫోను వేడెక్కుతుంది. వేడి హద్దు దాటకుండా దానిలోని ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో కూర్చొని ఆడేవానికి, చల్లని గదిలో ఆడేవానికి ఒకే ఫోను కూడా ఒకేలా పనిచేయదు. మా బడిలోని రెండవ కుర్రవాడు "బండి కదలదు" అన్నది అక్షరాలా పరిశీలనే. అతడు ఫోను పేరు చెప్పకపోవడమే లోపం.

రెండవ ప్రశ్న: ఎంతసేపు ఆడి చెప్పారు?

2020 జూన్ 19న "ద లాస్ట్ ఆఫ్ అజ్: రెండవ భాగం" అనే ఆట వచ్చింది. ఇదీ పెద్దల ఆటే. విమర్శకుల సగటు 93. కాని సామాన్యులు మార్కులు వేసే చోట మొదటి రోజుననే పదికి నాలుగు కంటే తక్కువ వచ్చాయి. ఆ ఆటను చివరిదాకా ఆడడానికి సుమారు 25 గంటలు పడుతుంది. విడుదలైన కొద్ది గంటలకే వేలకొద్దీ మార్కులు పడ్డాయంటే, వేసిన వారిలో ఎక్కువమంది ఆటను పూర్తిచేసి ఉండరని చిన్న తీసివేత లెక్క చెబుతుంది. కథ గురించి ముందే బయటికి పొక్కిన వార్తలు విని కోపంతో వేసినవారు ఎందరో! సమీక్షల సగటులను ప్రకటించే మెటాక్రిటిక్ అనే సంస్థ, ఆ తరువాతి నెలలో ఒక నియమం పెట్టింది. ఆట విడుదలైన 36 గంటల దాకా సామాన్యులెవరూ మార్కులు వేయడానికి వీలులేదు.

అయితే విమర్శకులదే సత్యమని, జనానిది అబద్ధమని అనుకోకండి. పూర్తిగా ఆడి, ఆ కథ నచ్చలేదని కారణాలతో వ్రాసినవారు కూడా ఉన్నారు. వారి మాటకు విలువ ఉంది. మనం అడగవలసినది "ఎవరు?" అని కాదు, "ఎంత చూచి చెప్పారు?" అని.

దీనిలోనే మరొక చిక్కు ఉంది. హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ తయారుచేసిన "అసుర" అనే ఆట 2017లో వచ్చింది. అందులో ఆడిన ప్రతిసారీ మార్గాలు, మనకు లభించే శక్తులు కొత్తగా అల్లుకుంటాయి. కనుక ఇద్దరు ఆడితే ఇద్దరికీ ఒకే ఆట ఎదురుకాదు. ఇలాంటి ఆటను ఒక్కసారి ఆడి తీర్పు చెప్పవచ్చునా? నాణెం ఎగురవేసినట్లు, ప్రతి ఆటలోనూ మంచి మార్గం పడే అవకాశం సగం అనుకోండి. ఒక్కసారి ఆడితే చెడ్డ మార్గమే పడే అవకాశం 1/2. రెండుసార్లూ చెడ్డదే పడే అవకాశం 1/4. అయిదుసార్లూ చెడ్డదే పడే అవకాశం 1/32 మాత్రమే. అందుచేత అదృష్టం కలిసిన ఆటను కనీసం అయిదారుసార్లు ఆడి చెప్పినవారి మాటకు బరువు ఎక్కువ.

మూడవ ప్రశ్న: ఏ భాషలో?

ఆస్ట్రేలియాలోని ఎడిలైడ్ నగరపు చిన్న బృందం ఒకటి తయారుచేసిన "హాలో నైట్: సిల్క్‌సాంగ్" కోసం ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. అది 2025 సెప్టెంబరు 4న వచ్చింది. ఇంగ్లీషులో ఆడినవారు మెచ్చుకొన్నారు. అదే రోజులలో చైనా భాషలో ఆడినవారి అభిప్రాయాలు ఎక్కువ భాగం ప్రతికూలంగా వచ్చాయి. ఆట మారలేదు. అనువాదం అసహజంగా, పాతకాలపు గ్రాంథికపు పోకడతో ఉందని వారి ఫిర్యాదు. అనువాదాన్ని సరిచేస్తామని బృందం ప్రకటించింది. ఆ ఆట అమ్ముడుపోయే "స్టీమ్" అనే దుకాణం, దానికి కొద్దిరోజుల ముందే, అంటే 2025 ఆగస్టులో, ఏ భాషవారి అభిప్రాయాలను ఆ భాషవారికి విడిగా లెక్కకట్టి చూపే పద్ధతిని ప్రవేశపెట్టింది.

ఇది మనకు దగ్గరి సంగతి. మీలో చాలామంది ఇంగ్లీషులో ఉన్న ఆటలే ఆడుతున్నారు. సూచనలు అర్థంకాక ఒక దశ దాటలేకపోతే, "ఆట కష్టం" అని వ్రాయకండి. "సూచనలు ఇంగ్లీషులోనే ఉన్నాయి, నాకు అర్థంకాలేదు" అని వ్రాయండి. మొదటి వాక్యం మిమ్మల్ని చిన్నబుచ్చుతుంది. రెండవ వాక్యం, తెలుగులో సూచనలు కావాలని తయారీదారునికి తెలియజేస్తుంది.

నాలుగవ ప్రశ్న: ఎప్పుడు చెప్పారు?

పుస్తకం అచ్చయిన తరువాత మారదు. వీడియో ఆట మారుతుంది. 2016 ఆగస్టులో ఇంగ్లండులోని ఒక చిన్న సంస్థ "నో మ్యాన్స్ స్కై" అనే ఆటను విడుదల చేసింది. అందులో తిరిగి చూడదగిన గ్రహాల సంఖ్య 18,446,744,073,709,551,616. ఈ సంఖ్య ఎక్కడిదో గుర్తుపట్టారా? రెండును 64 సార్లు వేసి గుణిస్తే వచ్చేది. చదరంగపు గళ్ళలో ధాన్యపు గింజలను రెట్టింపు చేస్తూ పోయే కథ మీకు తెలుసు. అక్కడ గింజల మొత్తం దీనికంటే ఒక్కటే తక్కువ.

గ్రహాలు ఇన్ని ఉన్నా వాటిమీద చేయడానికి పని తక్కువని, ముందు చెప్పినవన్నీ ఆటలో లేవని ఆటగాళ్ళు మండిపడ్డారు. స్టీమ్ దుకాణంలో అభిప్రాయాలు ప్రతికూలంగా పడిపోయాయి. తయారుచేసినవారు వాదనకు దిగకుండా, ఏళ్ళ తరబడి ఉచితంగా కొత్త భాగాలు కలుపుతూ వచ్చారు. 2024 నవంబరు నాటికి అదే దుకాణంలో మొత్తం అభిప్రాయాలు "చాలా అనుకూలం" అనే స్థాయికి చేరాయి. 2016లో తిట్టినవారు పొరపాటు పడలేదు. 2024లో మెచ్చుకొన్నవారూ పొరపాటు పడలేదు. కనుక అభిప్రాయం చదివేముందు దాని క్రింద తేదీ చూడండి.

మార్కుల మాయ

ఇక అంకెల సంగతి. రెండు ఆటలకు అయిదుగురు చొప్పున పదికి వేసిన మార్కులు ఇవి అనుకోండి.

మొదటి ఆట: 7, 7, 7, 7, 6
రెండవ ఆట: 10, 10, 10, 2, 2

రెండింటి మొత్తం 34. సగటు 6.8. దుకాణంలో రెండూ పక్కపక్కన ఒకే మార్కుతో కూర్చుంటాయి! కాని మొదటి ఆట అందరికీ ఒక మాదిరిగా నచ్చింది. రెండవది కొందరికి ప్రాణం, కొందరికి విషం. మధ్యగతం చూస్తే తేడా బయటపడుతుంది. మొదటిదానికి 7, రెండవదానికి 10. మీరు గణితంలో సగటు, మధ్యగతం, బాహుళకం ఎందుకు నేర్చుకొంటున్నారో ఇప్పుడు తెలిసింది కదా! సగటు ఒక్కటే చూడవద్దు. మార్కులు ఎలా పరచుకొని ఉన్నాయో చూడండి. ముఖ్యంగా 2 వేసినవారు ఎందుకు వేశారో చదవండి. ఆ ఇద్దరి ఫోన్లు మీ ఫోను వంటివే కావచ్చు.

శాతాలలో మరొక మోసం ఉంది. స్టీమ్ దుకాణంలో "90 శాతం" అని ఉంటే, ఆటకు నూటికి 90 మార్కులు వచ్చాయని అర్థం కాదు. అక్కడ "ఇతరులకు సిఫారసు చేస్తాను" లేదా "చేయను" అనే రెండే జవాబులు. నూరుమందిలో 90 మంది "చేస్తాను" అన్నారని మాత్రమే అర్థం. ఆ 90 మందీ "ఏదో పరవాలేదు" అనుకొనే ఆ మాట అని ఉండవచ్చు. పరీక్షలో అందరూ ఉత్తీర్ణులైన తరగతికి, అందరికీ ప్రథమశ్రేణి వచ్చిన తరగతికి తేడా లేదా?

వయస్సు, డబ్బు

ఆటకు వయస్సు గుర్తు కూడా ఒక రకమైన అభిప్రాయమే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన "బలాట్రో" అనే పేకముక్కల ఆటను కెనడాకు చెందిన ఒకే ఒక్కడు తయారుచేశాడు. అందులో నిజమైన డబ్బు పందెం లేదు. ఐరోపాలో ఆటలకు వయస్సు నిర్ణయించే మండలి దానిని మొదట 3 ఏళ్ళు దాటినవారికని, కొద్దిరోజులకే పేకాట చిత్రాలు ఉన్నాయని 18 దాటినవారికని గుర్తు వేసింది. అప్పీలు మీద 2025 ఫిబ్రవరిలో 12గా మార్చింది. చూశారా! నిపుణుల మండలి కూడా కారణాలు విని అభిప్రాయం మార్చుకొంటుంది. అది సిగ్గుపడవలసిన పని కాదు. అయినంతమాత్రాన ఆ గుర్తులను లెక్కచేయనవసరం లేదని కాదు. 16, 18 గుర్తులున్న ఆటలు మీకు కాదు. ఈ పాఠంలో చెప్పిన పెద్దల ఆటలు విమర్శ పాఠం కోసమే గాని ఆడడం కోసం కాదు.

డబ్బు పెట్టి డబ్బు గెలుచుకొనే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. ఆటలోపలి బట్టలు, ఆయుధాలు, పెట్టెలు కొనిపించడం వేరు సంగతి. అక్కడ కాపలా మనమే. ఆటను దింపుకొనే ముందు "ఆటలో కొనుగోళ్ళు ఉన్నాయి" అన్న చిన్న అక్షరాల మాట కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే, ఒక్క నక్షత్రం ఇచ్చినవారి మాటలు పది చదవండి. నా విద్యార్థి ఆ పది మాటలు చదివి ఉంటే ఎరువుల డబ్బు మిగిలేది.

ఆడడం మానలేకపోవడం, చదువు, నిద్ర, స్నేహాలకంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం తెలిసినా కొనసాగించడం – ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ఒక రుగ్మతగా గుర్తించింది. ఆ గుర్తింపు 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఆడే ప్రతివాడూ రోగి కాడు. కాని "ఈ ఆట మానడం కష్టం" అన్నది ఎప్పుడూ పొగడ్తే కానక్కరలేదని గుర్తుంచుకోండి.

ఇలా చేసి చూడండి

ఆటను పరీక్షించేముందు పరీక్షించే మనిషిని కూడా కొలవాలి. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. మీ మిత్రుడు దానిని సున్న క్రిందికి వచ్చేలా నిలువుగా పట్టుకోవాలి. మీరు సున్న దగ్గర బొటనవ్రేలు, చూపుడువ్రేలు తాకకుండా ఉంచండి. అతడు చెప్పకుండా వదలాలి. మీరు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారిందో చూడండి. 15 సెంటీమీటర్లు జారితే మీకు పట్టిన కాలం 0.17 సెకను. 20 అయితే 0.20. 25 అయితే 0.23. స్వేచ్ఛగా పడే వస్తువు దూరం s, గురుత్వ త్వరణం g అయితే, 2s ను g తో భాగించి వర్గమూలం కడితే ఈ కాలం వస్తుంది. పదిసార్లు చేసి సగటు కట్టండి. రాత్రి సరిగా నిద్రపోని మరునాడు మళ్ళీ చేయండి. ఆటలో ఓడిపోయినప్పుడు తప్పు ఆటదా, ఫోనుదా, మీ నిద్రదా అన్నది ఆలోచించడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

తరువాత నోటుపుస్తకంలో ఒక పేజీకి ఈ గీతలు గీయండి: ఆట పేరు, జాతి. ఏ యంత్రం మీద ఆడాను. ఎన్ని గంటలు, ఎన్నిసార్లు ఆడాను. ఏ భాషలో ఆడాను. తేదీ. నేను చూసినవి మూడు. నాకు నచ్చినవి, నచ్చనివి. డబ్బు అడిగిందా, ఎక్కడ అడిగింది? చివరి గీతలో మాత్రమే తీర్పు. తీర్పు ముందు వ్రాసి, దానికి సరిపడే పరిశీలనలు తరువాత వెదకకండి.

మా బడిలో తగవు పడిన ఇద్దరిచేత ఇదే చేయించాను. పెద్దల అనుమతితో ఒక ఆదివారం ఫోన్లు మార్చుకొని గంట చొప్పున ఆడి, పేజీ నింపి తెచ్చారు. కొత్త ఫోను వాడు పాత ఫోనులో ఆడి, "వీడు చెప్పింది నిజమేనండి, సార్. మలుపు తిప్పేసరికి బండి గోడలో ఉంటాది" అన్నాడు. రెండవవాడు కొత్త ఫోనులో ఆడి, బొమ్మ చక్కగా కదిలిందని ఒప్పుకొన్నాడు. తీర్పు గీతలో మాత్రం "అయినా నాకు పందెం ఆటలు నచ్చవు" అని వ్రాశాడు. అది అతని అభిరుచి. దానికి నేను మార్కులు తగ్గించలేదు.

ఆలోచించండి

1. "ఈ ఆటను పది లక్షలమంది ఆడుతున్నారు, కనుక ఇది మంచి ఆట." ఈ వాక్యంలో లోపమేమిటి?

2. ఒక ఆటకు నలుగురు 9 చొప్పున, ఒకరు 1 మార్కు వేశారు. సగటు, మధ్యగతం కట్టండి. ఆ ఒక్కరిని మీరు ఏ నాలుగు ప్రశ్నలు అడుగుతారు?

3. వామనగుంటలు అదృష్టపు ఆటా, ఆలోచన ఆటా, రెండూ కలిసినదా? మీ అమ్మమ్మతో అయిదుసార్లు ఆడి, కారణాలతో ఒక పేజీ సమీక్ష వ్రాయండి.